పలకని ‘పి’ వెనక రెక్క ఉందా?

ప్రశ్న: మాస్టారూ, అమెరికాలో మా మనవరాలు స్పెల్లింగ్ పోటీకి తయారవుతోంది. టెరొడాక్టిల్, టోసిస్, టార్మిగన్, టయలిన్... అన్నీ ‘పి, టి’ అక్షరాలతోనే మొదలవుతాయి, ఒక్కదాంట్లోనూ ‘పి’ పలకదు. వీటికేమైనా చుట్టరికం ఉందా, బట్టీ పట్టాల్సిందేనా?

జవాబు: కొన్నిటికి ఉందండీ. గ్రీకులో ఆ రెండు హల్లులూ వినబడతాయి. ఇంగ్లీషువాళ్ళకి మాట మొదట్లో ‘ప్ట’ నోరు తిరగదు. అందుకని రాతలో ఉంచి పలుకులో వదిలేశారు. మధ్యలో వస్తే మాత్రం పలుకుతారు. హెలికాప్టర్ చూడండి. మనం హెలి, కాప్టర్ అని విరుస్తాం గానీ అసలు విరుపు హెలికో, ప్టెర్. మొదటిది మెలిక, రెండోది రెక్క. టెరొడాక్టిల్‌లో ఉన్నదీ ఆ రెక్కే, పక్కన వేలు. ఎప్పుడో అంతరించిన ఆ ఎగిరే సరీసృపానికి నాలుగో వేలు విపరీతంగా సాగి రెక్క పొరను మోసేది.

టోసిస్ అంటే కనురెప్ప వాలిపోవడం. గ్రీకులో అసలర్థం పడటం.

నాకు నచ్చే సంగతి ఇక్కడుంది. ఎగిరే రెక్కకీ, పడటానికీ గ్రీకులో ఉన్న ఈ మాటలు రెండూ ఒకే పాత ఇండో-యూరోపియన్ (గ్రీకు, సంస్కృతాలకి మూలమైన భాష) ధాతువు నుంచి వచ్చాయి. సంస్కృతంలో ‘పత్’ ధాతువుకీ రెండర్థాలూ ఉన్నాయి. కాబట్టే పతనమంటే పడటం, పతత్రి అంటే పక్షి. ‘పత్రం’ అనగానే మనకి ఆకో, కాగితమో గుర్తొస్తుంది గానీ రెక్క అనే అర్థమూ నిఘంటువుల్లో ఉంది. అంటే మన పెళ్ళి పత్రికా, టెరొడాక్టిలూ దూరపు చుట్టాలే!

టయలిన్ ఈ ఇంటిది కాదు. లాలాజలంలో పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైమ్ అది. పేరు గ్రీకులో ‘ఉమ్మి’ నుంచి వచ్చింది. ఇప్పుడు పాఠాల్లో అమైలేజ్ అంటున్నారు.

ఇక టార్మిగన్ దొంగ చుట్టం. చలికాలంలో తెల్లబడే ఈకలున్న మంచుకొండల పక్షి. స్కాట్లాండ్ గేలిక్ భాష నుంచి వచ్చిన మాట, అక్కడ ‘పి’ లేనే లేదు. పక్షి కదా, గ్రీకు రెక్క అయ్యుంటుందనుకుని 17వ శతాబ్దంలో పండితులెవరో తగిలించారు. చదువు ఎక్కువైనా స్పెల్లింగుకి ప్రమాదమే.

ప్రశ్న: మరి టాలమీ? ఆయనా రెక్కల మనిషేనా?

జవాబు: కాదండీ, యుద్ధం మనిషి. గ్రీకులో యుద్ధాన్ని పొలెమోస్ అంటారు. పాత కావ్యభాషలో దానికే ప్టొలెమోస్ అనే రూపం ఉంది. ఈజిప్టునేలిన రాజుల పేరూ, ఖగోళ పండితుడి పేరూ అందులోంచి వచ్చినవే.

పాపకి ఒకటి చెప్పండి. పోటీలో మాట ఏ భాషదో అడగనిస్తారు. ‘ట’తో మొదలయ్యే శాస్త్రపదానికి గ్రీకు అని జవాబొస్తే, ముందు ‘పి’ ఉందేమోనని ఒక్క క్షణం ఆగాలి. గేలిక్ అన్నారా, టార్మిగన్ గుర్తుకు రావాలి.