అప్‌డేట్: పొయ్యి వెలిగించకుండా స్ట్రాబెర్రీ డిప్

సంక్రాంతికి విజయవాడలో మా అపార్ట్‌మెంట్ వాళ్లమంతా కలుస్తున్నాం, ఓవెన్ లేదు, అందరూ పంచుకుని తినేలా స్ట్రాబెర్రీ డిప్ చేయాలంటే క్రీమ్ చీజ్ తప్పనిసరా అని అడిగాను కదా. చేసేశాను. గిన్నె ఖాళీ!

మీలో ఒకరు చెప్పినట్టు క్రీమ్ చీజ్ సగమే, 200 గ్రాములు. మిగతా సగం గేదె పెరుగు. పల్చటి బట్టలో మూటకట్టి, జల్లెడలో పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే నీళ్లన్నీ దిగి వెన్నముద్దలా అయింది. బయట వేలాడదీస్తే పులుస్తుంది, ఆ పని చేయకండి. పంచదార పొడి నాలుగు చెంచాలు, కాస్త వెనీలా.

అసలు కిటుకంతా పళ్ల దగ్గరే. లంబసింగి స్ట్రాబెర్రీలు దొరికాయి, చిన్నవి, కొంచెం పుల్లన. కడిగాక తడి పూర్తిగా తుడిచి, అప్పుడే తరగాలి. పంచదార తగిలిందంటే పండు నీరు వదిలేస్తుంది. అందుకే ముక్కలు సరిగ్గా వడ్డించబోయేటప్పుడే కలిపాను.

ముంచుకోవడానికి మారీ బిస్కెట్లు, ఆపిల్ ముక్కలు పెట్టాను. మా అత్తయ్యగారు మాత్రం పండక్కి చేసిన జంతికలతో లాగించారు. నాకైతే నచ్చలేదు గానీ పిల్లలూ ఆవిడ దారే పట్టారు.

కండెన్స్‌డ్ మిల్క్ పొయ్యమన్నవాళ్లకి: వద్దులెండి, పల్చబడి బిస్కెట్‌కి అంటదు.