బ్యాట్‌మన్: పుస్తకాలు ముందా, యానిమేషన్ సీరియల్ ముందా?

ప్రశ్న (హన్మకొండ): ఎనిమిదో తరగతి చదువుతున్న మా బాబుకు ఈ ఎండాకాలం సెలవుల్లో బ్యాట్‌మన్ కామిక్స్ ఇవ్వాలా, 1992లో మొదలైన యానిమేషన్ సీరియల్‌ను చూపించాలా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (కాజీపేట): సీరియల్‌నే ముందు చూపించండి. 1959లో కామిక్స్‌లో మిస్టర్ జీరోగా వచ్చిన, మంచు ఆయుధంతో దోచుకునే ఒక మామూలు దొంగను, జబ్బుపడిన భార్య నోరాను శీతల పేటికలో ఉంచి కాపాడుకోవాలని తపించే శాస్త్రవేత్తగా మలిచింది ఆ సీరియలే. తర్వాత కామిక్స్ కూడా ఆ కథనే స్వీకరించాయి. బ్యాట్‌మన్ శత్రువైన జోకర్‌కు అనుచరురాలు హార్లీ క్విన్ సైతం తెరపైనే పుట్టి, 1993లో పుస్తకానికెక్కింది.

జవాబు (కరీంనగర్): బ్యాట్‌మన్ వరకు నిజమే గానీ, ఎక్స్-మెన్ అనే మరో సూపర్‌హీరోల బృందం కథలకు ఈ మాట వర్తించదండీ. 1980 నాటి పుస్తకంలో చంద్రుడిపై ఆ బృందంలోని జీన్ గ్రే ప్రాణత్యాగం చేస్తుంది. ఎక్స్-మెన్ యానిమేషన్ సీరియల్‌లోనేమో తోటివారు తమ ప్రాణశక్తిని పంచి ఆమెను బతికిస్తారు. పిల్లల కార్యక్రమం కదా, తప్పలేదేమో!

ప్రశ్న అడిగినవారు: అయితే బ్యాట్‌మన్‌ను తెరపై, ఎక్స్-మెన్‌ను పుస్తకంలో మొదలుపెడతాం. ధన్యవాదాలు.