అప్‌డేట్: సమూయేలు అంటే 'దేవుడు విన్నాడు' కాదా?

బైబిల్లోని సమూయేలు పేరుకి 'దేవుడు విన్నాడు', 'దేవుని పేరు' అని రెండర్థాలు కనిపిస్తున్నాయి, ఏది సరైనదని అడిగాను కదా. జవాబులన్నీ హీబ్రూ అక్షరాలతో సరిచూశాక తేలింది ఇది.

తేడా అంతా 'అయిన్' అనే హీబ్రూ అక్షరంలో ఉంది. వినడం అనే ధాతువు షిన్, మేమ్, అయిన్. ఇష్మాయేలు, షిమ్యోను అనే పేర్లలో ఈ మూడూ వరసగా ఉన్నాయి, కాబట్టి అక్కడ 'వినడం' ఖాయం. సమూయేలు మాత్రం షిన్, మేమ్, వావ్, ఆలెఫ్, లామెద్. అయిన్ లేదు. షేమ్ అంటే పేరు, ఏల్ అంటే దేవుడు. అందుకే 'దేవుని పేరు' అన్నదే అక్షరాలకు దగ్గర. గొంతు లోతులోంచి పలికే అయిన్‌కి తెలుగులో అక్షరమే లేదు, కాబట్టి మన స్పెల్లింగ్ చూసి ఇది పట్టుకోలేం.

అసలు చిక్కు 1 సమూయేలు 1:20లో ఉంది. యెహోవాను అడిగాను కాబట్టి ఈ పేరు అంటుంది సమూయేలు తల్లి హన్నా. 'అడగడం' అనే ధాతువు షిన్, ఆలెఫ్, లామెద్. అది సూటిగా సరిపోయేది ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు (షాఊల్) పేరుకి! 28వ వచనంలో అయితే హీబ్రూలో అచ్చంగా 'షాఊల్' అనే మాటే పడింది. అంటే హన్నా మాట శబ్దాన్ని బట్టి కట్టిన శ్లేష, వ్యుత్పత్తి కాదు.

బాబుకి 'దేవుడు విన్నాడు' అనే అర్థమే కావాలంటే ఎలీషామా అనే పేరు చూడండి, అందులో అయిన్ ఉంది.