"షుడ్ యూ చూజ్ టు యాక్సెప్ట్ ఇట్": తెలుగులో ఎలా అనాలి?

ప్రశ్న: సబ్‌టైటిళ్లు రాయడం నేర్చుకుంటున్నాను. 'మిషన్ ఇంపాజిబుల్' సినిమాల్లో వినిపించే "యువర్ మిషన్, షుడ్ యూ చూజ్ టు యాక్సెప్ట్ ఇట్" దగ్గర ఆగిపోయాను. "మీరు అంగీకరించడానికి ఎంచుకుంటే" అని రాశాను కానీ నాకే నచ్చలేదు. పెద్దలు సాయం చేయండి.

జవాబు: నచ్చకపోవడం న్యాయమే, మనం అలా మాట్లాడం. ఇలాంటి చోట వాడుకోవడానికి మనకు 'తలచు' ఉంది: చెప్పదలిచాను, వెళ్లదలిస్తే. "ఈ పని మీరు చేపట్టదలిస్తే" అనండి. నిర్ణయం మీదే అన్న మర్యాదా, ఆఫీసు ఉత్తరంలో ఉండే బిగువూ రెండూ వచ్చేస్తాయి. 1966లో సీబీఎస్‌లో మొదలైన అసలు సీరియల్లో ఈ మాట ఎక్కువగా 'డిసైడ్'తోనే వినిపించేది. సినిమాలు వచ్చాకే 'చూజ్' జనం నోళ్లలో నిలిచింది. కాబట్టి 'ఎంచుకోవడం' కోసం పట్టుబట్టక్కర్లేదు.

నన్నడిగితే అసలు చిక్కు పిలుపులో ఉంది. గూఢచారుల నాయకుడు జిమ్ ఫెల్ప్స్‌కు పని అప్పజెప్పే టేపులోని గొంతు "గుడ్ మార్నింగ్, మిస్టర్ ఫెల్ప్స్" అని మొదలుపెడుతుంది. పని వివరిస్తుంది. మీరు గానీ మీవాళ్లు గానీ పట్టుబడినా, చచ్చిపోయినా పైఅధికారి అయిన సెక్రటరీ మాకేమీ తెలియదంటారని చెబుతుంది. అంత కఠినమైన మాట అయ్యాక "గుడ్ లక్, జిమ్" అంటుంది. ఇంటిపేరుతో మొదలై సొంత పేరు దాకా వచ్చే ఆ చనువు తెలుగులో పోకూడదు. "జిమ్ గారూ" అంటే అది పోయినట్టే. అలాగని 'నువ్వు'లోకి దిగితే ఆ గొంతు పెద్దరికమే పోతుంది. మొదట "ఫెల్ప్స్ గారూ" అనండి, క్రియలన్నీ 'మీరు'తోనే నడపండి, చివర ఒక్క 'గారు' తీసేయండి. "జాగ్రత్త, జిమ్." 'శుభాకాంక్షలు' మాత్రం వద్దు, పుట్టినరోజు కార్డులా ఉంటుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, 1996లో బ్రయన్ డి పామా తీసిన మొదటి సినిమాలో ఆ జిమ్ ఫెల్ప్సే ద్రోహి అవుతాడు. సీరియల్లో పీటర్ గ్రేవ్స్ ఏళ్ల తరబడి నమ్మకస్తుడైన నాయకుడిగా నిలబెట్టిన పాత్ర అది. సినిమాలో జాన్ వోయిట్ వేశాడు. సీరియల్ అభిమానులకు అది తట్టుకోలేని దెబ్బ, నాకూ మింగుడుపడలేదు. మొదట్లో ఆ పిలుపులో దగ్గరితనం వినిపిస్తేనే తర్వాత ఆ ద్రోహం గుచ్చుకుంటుంది.

ప్రశ్న: చాలా థాంక్సండీ. మరి ఆ సందేశం చివర టేపు గురించి చెప్పే 'సెల్ఫ్ డిస్ట్రక్ట్'? "స్వీయ విధ్వంసం చేసుకుంటుంది" అనొచ్చా?

జవాబు: అది పాఠ్యపుస్తకం భాష. తెర మీద ఏం జరుగుతోందో చూసి రాయండి. టేపులోంచి పొగ లేస్తుంటే "ఐదు సెకన్లలో ఈ టేపు దానంతటదే కాలిపోతుంది" చాలు. 2000లో వచ్చిన రెండో సినిమాలో సందేశం నల్లకళ్లద్దాల్లో వస్తుంది, హీరో ఈథన్ విసిరేయగానే అవి పేలిపోతాయి. అక్కడ 'కాలిపోతుంది' కుదరదు, "దానంతటదే నాశనమవుతుంది" అనాలి. 'దానంతటదే' మాత్రం రెండుచోట్లా ఉంచండి.