డీలక్స్ బస్సుకేనా, పుస్తకానికి కూడానా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం)

సభ్యులందరికీ నమస్కారం. ఒక పుస్తకం అట్ట మీద రాయాల్సిన మూడు మాటల కోసం మీ అందరినీ ఇబ్బంది పెడుతున్నాను.

మా అక్క కొడుకు, వాడి స్నేహితులు నలుగురు ఆదివారం సాయంత్రాలు మా మేడ మీద చాప పరుచుకుని ఒక ఆట ఆడతారు. తలా ఒక పాత్ర ధరించి ఆడే ఆట. ఒకరు కథ నడుపుతారు. పిల్లలు అతన్ని సూత్రధారి అంటున్నారు, ఆ మాట మీద నాకు పేచీ లేదు. మిగిలినవాళ్లలో ఒకడు కత్తి పట్టిన వీరుడు, ఒకడు మంత్రగాడు, ఒక అమ్మాయి తాళాలు తీసే దొంగ. పాడుబడ్డ కోటలో తలుపు వెనక ఏముందో సూత్రధారికి మాత్రమే తెలుసు. తాళం ఊడిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. సముద్రపు గాలికి కాగితాలు ఎగిరిపోకుండా నాలుగు మూలలా చెప్పులు పెట్టుకుంటారు. ఆంగ్లంలో దీన్ని బల్ల మీది ఆట అంటారట. మా మేడ మీద బల్ల లేదు కనుక ఆ మాటను అనువదించే బాధ తప్పింది.

ఈ ఆటలన్నింటికీ మూలపురుషుడు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో దాన్ని తెచ్చినప్పుడు ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, అంతే. మరుసటి ఏడాది నుంచే అనుబంధాలు మొదలయ్యాయి. 1977కూ 1979కీ మధ్య ఆ నియమాలు పెరిగి మూడు గట్టి అట్ట పుస్తకాలయ్యాయి. ఆ తర్వాత ఈ వంశంలో పుట్టిన చాలా ఆటల జాతకం ఇదే. ముందు పలచని పుస్తకం, తర్వాత అనుబంధాలు, ఆపైన అన్నింటినీ మింగి లావెక్కిన పుస్తకం.

మావాడు ఈ మధ్య తెప్పించుకున్నది ఆ లావెక్కిన రకం. దాని పలచని తమ్ముడు వాడి దగ్గర ముందే ఉంది. కొత్తదాని అట్ట మీద ‘ఎక్స్‌పాండెడ్’ అనీ ‘డీలక్స్’ అనీ రెండు బిరుదులు.

అది చూసి వీళ్లకు ఊపు వచ్చింది. వీళ్లు తెలుగులో రాసుకున్న నియమాల పుస్తకం ఒకటి ఉంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో కూర్పు మూల నియమాలను 2023లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మూలం ఫలానా అని చెబితే చాలు, ఎవరైనా అనువదించుకోవచ్చు. అందులోంచి కావలసినంత తెలుగు చేసి, సొంత నియమాలు కలిపి, నిరుడు నలభై పేజీలు కుట్టుకున్నారు. ఇప్పుడది నూట అరవై అయింది. కొత్త అట్టకు మావాడు పెట్టిన పేరు ‘విస్తరించిన విలాస నియమావళి’.

చదవగానే రుషికొండ దగ్గర ఏదో విడిది గృహంలో గది తలుపు వెనక అంటించే కాగితం గుర్తొచ్చింది. కొలనులో దిగే ముందు స్నానం చేయవలెను, వగైరా. నవ్వాను. వాడికి కోపం వచ్చింది. “అయితే నువ్వే చెప్పు మామయ్యా” అన్నాడు. చెప్పలేకపోయాను. మీరు చెప్పండి.

జవాబు (గాజువాక)

డీలక్స్‌ను డీలక్స్ అనే రాయండి. బస్సు మీద రాస్తే ఊరంతటికీ అర్థమైంది, పుస్తకం మీద రాస్తే అర్థం కాదా?

ప్రశ్న అడిగినవారు

నేనూ మొదట అలాగే అనుకున్నానండీ. మొన్న ద్వారకా బస్ స్టేషన్‌లో అక్క కోసం ఎదురుచూస్తూ బస్సుల నుదుళ్లు చదివాను. ఆర్టీసీ లెక్కలో ఎక్స్‌ప్రెస్ మీద అల్ట్రా డీలక్స్, దాని మీద సూపర్ లగ్జరీ. డీలక్స్ ఫ్రెంచి నుంచి వచ్చిన మాట, ‘లగ్జరీకి చెందినది’ అనే దాని అర్థం. అంటే ఒకే మాట రెండు వేషాలు కట్టి, ఒక వేషానికి తక్కువ, ఇంకో వేషానికి ఎక్కువ టికెట్టు వసూలు చేస్తోంది. ఇక అర్థం గురించి ఏం మాట్లాడతాం? తెలుగులో ఆ మాట సీటు వాలుతుందా, లాడ్జి గదిలో ఏసీ ఉందా అన్న దగ్గర స్థిరపడిపోయింది. పుస్తకానికి ఆ రెండూ లేవు.

మావాడి పుస్తకాన్ని ఒడిలో పెట్టుకుని చూశాను. గట్టి అట్ట, దాని మీద వేలికి తగిలేలా ఉబ్బెత్తు అక్షరాలు. పేజీ గుర్తుకు రెండు రిబ్బన్లు, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. లోపల రంగు బొమ్మలు, చివర మడత పెట్టిన పటం. ఇవన్నీ తీసేసినా ఆటలో ఒక్క నియమం మారదు. డీలక్స్ అంటే ఇదే. ఎక్స్‌పాండెడ్ సంగతి వేరు. పలచని పుస్తకంలో నాలుగు రకాల పాత్రలుంటే ఇందులో పదకొండు. మంత్రాలు రెట్టింపు. అక్కడ రెండు పేజీల్లో సరిపెట్టిన భూతాలకు ఇక్కడ ఒక అధ్యాయం. అంటే ఒక మాట ఒంటి గురించి, ఇంకో మాట బట్టల గురించి. మావాడు రెండింటినీ ఒకే సమాసంలో కుక్కాడు, అందుకే కుదరలేదని నా అనుమానం.

జవాబు (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, విజయనగరం)

అనుమానం కాదు బాబూ, అసలు సంగతి అదే. ముందు ఒంటి మాట చూద్దాం.

మనవాళ్లు ముద్రణనూ కూర్పునూ కలిపేస్తున్నారు. అచ్చుయంత్రం మళ్లీ తిరిగితే అది ముద్రణ. రచన మళ్లీ తయారైతే అది కూర్పు. ఈ తేడా తెలియాలంటే ఎక్కడికో పోనక్కరలేదు, మా ఊరి గురజాడ చాలు. కన్యాశుల్కం 1897లో అచ్చయింది. 1909లో మళ్లీ వచ్చింది. మొదటిది అయిదంకాలు, రెండోది ఏడంకాలు. మధురవాణి నిజంగా మధురవాణి అయింది రెండోదానిలోనే. మనం చదివేదీ, ఆడేదీ, నోటికి వచ్చినట్టు చెప్పుకునేదీ రెండోదే. దాన్ని ఎవరైనా రెండో ముద్రణ అంటే నేను ఒప్పుకోను. రెండో కూర్పు. మీ పిల్లలు నలభై పేజీలను నూట అరవై చేశారంటే వాళ్లు చేసిందీ కూర్పే.

‘విస్తరించిన’ మాత్రం వద్దు. విస్తరణ అనగానే రోడ్డో మంత్రివర్గమో గుర్తొస్తుంది. ఒకదానికి ఇళ్లు పడగొడతారు, ఇంకోదానికి పదవులు పుట్టిస్తారు. ‘పరివర్ధిత’ అని నిఘంటువులో దొరుకుతుంది. అది అక్కడే ఉండనివ్వండి. ‘సమగ్ర’ అని ఎవరో సూచించే లోపే చెబుతున్నాను, అది అబద్ధమవుతుంది. వచ్చే ఏడాది ఇంకో అనుబంధం రాదని పూచీ ఎవరిది?

మన పూర్వులు ఈ చిక్కును పేరుకు ముందు ఒక మాట తగిలించి తీర్చారు. సంప్రదాయం చెప్పే లెక్కలో 8,800 శ్లోకాల జయం 24,000 శ్లోకాల భారతమై, లక్ష శ్లోకాలకు చేరాక ‘మహా’ తగిలించుకుంది. బాలశిక్ష పెరిగితే ‘పెద్ద’ చేర్చారు. అది బాలశిక్షకు పెద్దరికమే గాని పెద్ద బాలలకు శిక్ష కాదు. మీ మేడ మీద మీసాలొచ్చిన వాళ్లు ఆడుతున్నారని విన్నాను కనుక ఆ రెండో అర్థం కూడా పనికొస్తుందేమో చూసుకోండి.

నాకు మరీ ఇష్టమైన ఉదాహరణ వ్యాకరణంలో ఉంది. వ్యాకరణమంటే భాషకు నియమాల పుస్తకమే కదా. చిన్నయసూరి బాలవ్యాకరణం రాశాడు. అందులో చెప్పకుండా మిగిలినవాటిని చెప్పడానికి బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణం రాశాడు. దానికి ఇంకో పేరు త్రిలింగ లక్షణ శేషం. శేషం అంటే చెప్పగా మిగిలింది. గురువుగారి పుస్తకం చిన్నదైపోయిందని అనకుండా, ఇంకా మిగిలింది ఉందని మాత్రమే అన్నాడు. మీ పిల్లల నూట ఇరవై కొత్త పేజీలకు ‘శేషం’ అని పేరు పెట్టమంటే పెట్టరు, నాకు తెలుసు. అంచేత ‘పెంచిన కూర్పు’ అనండి, సరిపోతుంది.

జవాబు (దొంగ పాత్ర ఆడే అమ్మాయి)

నమస్కారం మాస్టారూ. మామయ్యగారు నన్ను ఈ చర్చలోకి లాగారు. ‘కూర్పు’ మాకు నచ్చింది. ‘పెంచిన’ మాత్రం నచ్చలేదు. ‘పెంచిన’ అనగానే తర్వాత ‘చార్జీలు’ అని చదవబుద్ధి అవుతుంది. లేకపోతే ‘పెంచిన తల్లి’. మేము దీన్ని కూర్చుని పెంచలేదు మాస్టారూ, అదే పెరిగింది. ఒక ఆదివారం మంత్రగాడి దివిటీ నీళ్లలో పడింది. ఆరిందా లేదా అని అరగంట తగాదా. మూల నియమాల్లో దానికి జవాబు దొరకలేదు. చివరికి ఆరు ముఖాల పాచిక వేసి, ఒకటి గాని రెండు గాని పడితే ఆరినట్టు అని తేల్చి పుస్తకంలో రాసేశాం. సగం పేజీలు ఇలా వచ్చినవే. ప్రతి తగాదాకూ ఒక నియమం.

ఇంకో సంగతి. మేము ‘దొర్లించు’ అని వాడం. పాచిక పారింది, పారలేదు, అంతే. ఇరవై పడితే మాత్రం అందరం “అష్టా” అని అరుస్తాం. అష్టా చెమ్మాలో ఎనిమిదికి అరిచే అరుపు ఇరవైకి ఎలా వస్తుందని సూత్రధారి ఇప్పటికీ గొణుగుతూనే ఉంటాడు.

జవాబు (విజయనగరం)

భేష్ అమ్మా. పెంచుకూ పెరుగుకూ తేడా పట్టుకున్నావు. ఒకటి సకర్మకం, ఇంకోటి అకర్మకం. తగాదాల వల్ల దానంతట అదే లావైన పుస్తకానికి అకర్మకమే న్యాయం. ‘పెరిగిన కూర్పు’. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పాచిక పారడం గురించి చెప్పావు చూడు, అది వినడానికి హాయిగా ఉంది. ‘వాడి పాచిక పారలేదు’ అని రోజూ అనేవాళ్లలో నిజంగా పాచిక పట్టుకున్నవాళ్లు ఎందరున్నారు?

జవాబు (ముద్రణాలయం, అల్లిపురం)

ఒంటి మాట తేలింది కనుక బట్టల మాట నేను చెబుతాను. మా నాన్నగారి రోజుల్లో కొన్ని పుస్తకాల మీద రెండు వెలలు వేసేవారు. సాదా ప్రతి ఇంత, కాలికో బైండు ఇంత. లోపలి అచ్చు ఒకటే, కట్టిన గుడ్డలో తేడా. మీరు చెప్పే డీలక్స్ కచ్చితంగా ఇదే. ‘మేలు ప్రతి’ అనండి. మేలు రకం బియ్యం, మేలు జాతి మామిడి అంటే ఎవరికైనా తెలుస్తుంది. విలాసం అన్న మాట ముట్టుకోకండి. మా దగ్గరికి వచ్చే పాత దస్తావేజుల్లో విలాసం అంటే చిరునామా.

ఒక హెచ్చరిక. ‘మేలు ప్రతి’ని పుస్తకం పేరులో కలపకండి. అది ప్రతికి చెందినది, రచనకు కాదు. అట్ట కింది భాగంలో చిన్న అక్షరాల్లో వేయండి. సాదాగా కట్టిన ప్రతుల మీద అసలు వేయకండి.

జవాబు (గాజువాక)

ఇంత చర్చ తర్వాత కూడా నేను డీలక్స్ అనే అంటాను. అయితే ‘నియమావళి’ సంగతి ఎవరూ తేల్చలేదు. మా అపార్టుమెంటు సంఘానికి ఒక నియమావళి ఉంది. దాంట్లో భూతాలు లేవు గాని, పార్కింగు దగ్గర అంతకన్నా ఘోరాలు జరుగుతాయి.

ప్రశ్న అడిగినవారు

గాజువాక వారి మాట నిజం. నియమావళి అంటే సంఘాల రిజిస్ట్రేషను వాసన వస్తోంది. పిల్లలు రాత్రి కూర్చుని ‘ఆట నియమాలు’ అని విడదీశారు. ఒక్కడు ‘ఆట లక్షణం’ అన్నాడు, మాస్టారి వ్యాకరణం ప్రభావం. మిగిలినవాళ్లు వాడి నోరు మూయించారు.

ఈరోజు సాయంత్రం జిరాక్సు దుకాణానికి వెళ్లాం. మొత్తం ఆరు ప్రతులు. నాలుగు స్పైరల్, రెండు గట్టి అట్ట. దుకాణం అబ్బాయి తెర మీద మొదటి వరస సరిగానే కొట్టాడు, ‘ఆట నియమాలు’. రెండో వరస నేను నోటితో చెబితే, అతను కొట్టింది చూసి మా అక్క కొడుకు నేల మీద కూలబడి నవ్వాడు. తెర మీద ‘పెరుగు కూర’ అని ఉంది. వంటల పుస్తకం అనుకున్నాడట పాపం. కాగితం మీద రాసిచ్చాక దిద్దాడు. గట్టి అట్ట ప్రతుల మీద కింద చిన్నగా ‘మేలు ప్రతి’ అని వచ్చింది. రిబ్బను ఉందా అని అడిగితే లేదన్నాడు. ఎదురుగా ఫ్యాన్సీ దుకాణంలో జడకు కట్టే ఎర్ర రిబ్బను మీటరు కొన్నాం.

మేలు ప్రతి ఒకటి సూత్రధారిది. రెండోదాని కోసం రేపు మేడ మీద పాచిక వేస్తారు.

జవాబు (దొంగ పాత్ర ఆడే అమ్మాయి)

పాచికతో పని లేదు మామయ్యగారూ. రెండోది ఇప్పటికే నా సంచిలో ఉంది. నా పాత్ర ఏమిటో మరిచిపోయినట్టున్నారు.