ఫ్రంట్ఎండా, బ్యాక్ఎండా: ముందు దేనిమీద పట్టు సాధించాలి?

ప్రశ్న:
బీటెక్ తర్వాత అమీర్‌పేటలో ఫుల్‌స్టాక్ కోర్సు (తెరమీద కనిపించే ఫ్రంట్ఎండ్, వెనక సర్వర్‌లో నడిచే బ్యాక్ఎండ్ రెండూ నేర్పేది) చేశాను. హెచ్‌టీఎంఎల్ మొదలుకొని డేటాబేస్ దాకా అన్నీ కొద్దికొద్దిగా తెలుసు గానీ, ఇంటర్వ్యూలో ఏ విషయంలోనూ రెండో ప్రశ్న దాటలేకపోతున్నాను. ఒకదానిలోనే లోతుకు వెళ్లాలంటే ఏది ఎంచుకోమంటారు?

మొదటి సమాధానం:
నిస్సందేహంగా బ్యాక్ఎండ్. 2010లో వచ్చిన ఆంగులర్‌జేఎస్ అనే ఫ్రంట్ఎండ్ ఫ్రేమ్‌వర్క్ (వెబ్‌పేజీలు కట్టడానికి వాడే సిద్ధపు కోడ్ చట్రం) నేర్చుకున్నవారికి 2016లో దానితో పొసగని కొత్త ఆంగులర్ ఎదురైంది. 2021 ముగిసేసరికి పాతదానికి గూగుల్ మద్దతు కూడా ఆగిపోయింది. 1970లో ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనా (సమాచారాన్ని పట్టికలుగా అమర్చే పద్ధతి) ఆధారంగా పుట్టిన డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్ మాత్రం ఇప్పటికీ అన్నం పెడుతూనే ఉంది.

రెండో సమాధానం:
పై వాదనతో ఏకీభవించలేను. పాతబడింది ఫ్రేమ్‌వర్కే గానీ బ్రౌజర్ కాదు. బటన్ ఉండవలసిన చోట డివ్ (హెచ్‌టీఎంఎల్‌లో ఉత్త పెట్టె లాంటి ట్యాగ్) పెట్టి రంగులద్దితే చూడడానికి తేడా తెలియదు; మౌస్ వాడలేక కీబోర్డుతోనే పేజీ నడిపేవారు ట్యాబ్ ఎన్నిసార్లు నొక్కినా ఫోకస్ (కీబోర్డు ప్రస్తుతం ఎక్కడుందో చూపే గుర్తు) దానిమీదికి రాదు. ఇటువంటివి తెలిసినవారు అరుదు కనుకనే ఫ్రంట్ఎండ్ తేలికని చాలామంది అనుకుంటారు.

మూడో సమాధానం:
నేను బ్యాక్ఎండ్ వాడినే, అయినా రెండోవారి పక్షాన ఒక మాట చెబుతాను. మేము తయారుచేసిన ఒక ఆన్‌లైన్ దరఖాస్తు ఫారంలో పేరుకు 12 అక్షరాల పరిమితి పెట్టాము. ‘శ్రీనివాసరావు’ కంటికి ఆరే అక్షరాలు. కంప్యూటర్లలో అన్ని లిపులకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో వత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకు వస్తాయి కనుక మొత్తం 13, వాటిని బైట్లుగా నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో 39 బైట్లు. చివరి కొమ్ము తెగిపోయి, ఆయన పేరు ‘శ్రీనివాసరావ’గా ముద్రితమైంది. పరిమితి డేటాబేస్ కాలమ్‌దని ఫ్రంట్ఎండ్ వారు, సరిచూడవలసింది ఫారంలోనని మేము రెండు రోజులు వాదించుకున్నాము (తప్పు ఇద్దరిదీ, అందులో నా వాటా పెద్దది). నాకు కాలమ్ వెనక ఏం జరుగుతోందో తవ్వడం ఇష్టం కనుక ఇటు వచ్చాను. మీకు ఏ తప్పు వెంట పడితే అర్ధరాత్రయినా విసుగు పుట్టదో చూసుకోండి. కొత్తగా ఏ ఫ్రేమ్‌వర్క్ వచ్చిందో చూసి నిర్ణయించుకోవద్దు.

ప్రశ్న అడిగినవారి జవాబు:
అందరికీ ధన్యవాదాలు. రెండోవారు చెప్పింది చదివి నా ప్రాజెక్టులో ట్యాబ్ నొక్కి చూశాను. ‘సమర్పించండి’ దగ్గరికి ఫోకస్ వెళ్లనే లేదు. అది ఎందుకో తేల్చుకోవడంలోనే నిన్న సాయంత్రమంతా గడిచిపోయింది. ఆరు నెలలు ఫ్రంట్ఎండ్‌లోనే ఉండాలని నిర్ణయించుకున్నాను.