మెల్లగా వాయిస్తే కొన్ని కీస్ పలకట్లేదు, గ్రాండ్ పియానో

తిరుపతి నుంచి అడుగుతున్నా. పాత గ్రాండ్ పియానో ఒకటి కొన్నాం, ట్యూనింగ్ బానే ఉండాది కానీ మెల్లగా వాయిస్తే మధ్యలో నాలుగైదు కీస్ అసలు పలకవు, గట్టిగా కొడితే మాత్రం ఖంగుమంటాయి, పాప గ్రేడ్ పరీక్షకి ప్రాక్టీస్ చేస్తా ఉంది, భయపడి ప్రతిదీ గట్టిగానే కొడతాంది. ట్యూనర్ని పిలిస్తే సరిపోతాదా?

జవాబు 1: ట్యూనింగ్ తీగలకి, రెగ్యులేషన్ అంటే సర్దుబాటు యాక్షన్‌కి (కీ నొక్కితే తీగని కొట్టించే లోపలి యంత్రం), రెండూ వేరన్నా. ఆ కీని బాగా నిదానంగా నొక్కుతా లోపల తీగని కొట్టే సుత్తిని, అదే హ్యామర్‌నే చూడు. తీగకి సుమారు 2 మిల్లీమీటర్ల దూరం దాకా లేచి అప్పుడు వెనక్కి పడాల, దాన్నే లెట్ ఆఫ్ అంటారు. ముందే వదిలేస్తే మెల్లగా వాయించేటప్పుడు తీగ దాకా పోయే ఊపు ఉండదు. అట్లని లెట్ ఆఫ్ స్క్రూని మరీ దగ్గరికి తిప్పితే హ్యామర్ తీగకే ఆనుకోని మోత చచ్చిపోతాది. కీ లోతు కూడా కొలువు, మామూలుగా 10 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాది.

జవాబు 2: మాది చిత్తూరు. నవంబరు వానలకి హ్యామర్ తిరిగే పిన్నుల చుట్టూ ఉండే ఫెల్ట్ తేమ పీల్చి ఆ పిన్నులు బిగుసుకుంటాయి, అది ముందు చూడండి, బిగుసుంటే స్క్రూలు ఎంత తిప్పినా లాభం లేదు. ఇంకోటి, యాక్షన్ బయటికి లాగేటప్పుడు ఒక్క కీ కూడా నొక్కొద్దు, దయచేసి. లేచిన హ్యామర్ పైన చెక్కకి తగిలి కాడ పుటుక్కున విరిగిపోయింది మా ఇంట్లో.

అడిగినవారు: టార్చి వేసి చూసినా, హ్యామర్‌ని చానా కిందనే వదిలేస్తా ఉంది. నేను చెయ్యి పెట్టను, రెగ్యులేషన్ తెలిసినాయన్నే పిలుస్తా.